మన నెత్తురు

పెట్టిన టీ పెట్టినట్టే చల్లారిపోయింది. రత్నాలు గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు. తిరగడానికి మెడ సహకరించదన్న మాట నిజమే గానీ, సహకరించినా ఇవాళ తిరిగే మనిషి కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

"అమ్మా, ఇవాళ శుక్రవారం," అంది కృపావతి గుమ్మంలో నిలబడి.

"అయితే ఏటి?"

"డాక్టరుగారు వచ్చేసి ఉంటారు. సాయంత్రం రైలుకి మళ్ళీ విశాఖపట్నం వెళ్ళిపోతారు. మధ్యాహ్నానికైనా మనం అక్కడుండాలి."

"ఎల్లిపోనీ. ఆ రైలు ఆయన కోసమే కదా వొత్తాది."

అంత నొప్పిలోనూ ఆ మనిషికి నోరు మాత్రం ఎక్కడా పట్టేయలేదు.

వాకిట్లో కాఫీ గింజలు ఎండబోసిన పరదా పక్కన మంగ్లు గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు. కూతురు పెళ్ళాన్ని బతిమాలడం, పెళ్ళాం కూతుర్ని తోసిపుచ్చడం వారం రోజులుగా వింటున్నాడు. ఎవరి పక్షమూ మాట్లాడలేదు. మంగ్లు నోట్లోంచి ఒక మాట రావాలంటే ముందు ఒక చుట్ట పూర్తిగా కాలాలి. అది కాలేలోగా అవతలివాళ్ళ ఓపిక అయిపోతుంది.

పోయిన శుక్రవారం తల్లి చేసిన పనికి కారణం కృపావతికి ఇంతవరకూ అంతుపట్టలేదు. సంత వీధిలో ఉన్న క్లినిక్కుదాకా బుద్ధిగా వచ్చింది. బల్ల మీద కూర్చుంది. డాక్టరు శివప్రసాద్ మెడ వెనక వేళ్ళతో నొక్కి చూస్తుంటే పళ్ళు బిగబట్టి ఊరుకుంది. తీరా వైద్యం మొదలుపెట్టే వేళకి బల్ల దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, వంగిన తల వంగినట్టే రోడ్డు మీదికి నడిచిపోయింది.

కాఫీ పళ్ళ కోత మొదలైన కొత్తలో, మంచుకి తడిసిన గట్టు మీద, నెత్తిన బస్తాతో జారింది రత్నాలు. బస్తా దక్కింది, మెడ పోయింది. ఏళ్ళ తరబడి కట్టెలూ బస్తాలూ మోసి అప్పటికే అరిగిపోయిన మెడ అది. ఆనాటి నుంచీ తల పైకెత్తి, కొమ్మ చివర కాయ పండిందో లేదో చూడలేకపోతోంది. పడుకుంటే లేవలేదు, లేస్తే పడుకోలేదు. ఊళ్ళో మందూ మంత్రమూ తెలిసిన దిసారి వచ్చి ఏదో వేరు నూరి పట్టు వేసి, మంత్రించిన తాడు కట్టి వెళ్ళాడు. తాడు ఇంకా ఉంది, నొప్పీ ఉంది. అరకు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కృపావతి మాత్రలు వేయించింది, స్కానింగు తీయించింది, దగ్గరుండి వ్యాయామాలు చేయించింది. చివరికి వారానికోసారి కొండెక్కి వచ్చే శివప్రసాద్ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆయన దాపరికం లేకుండానే చెప్పాడు. నరం నొక్కుకోలేదు, అది మంచిదే. మెడ వెనక కీళ్ళని పట్టి ఉంచే కట్లు సాగి దెబ్బతిన్నాయి. చేతిలోంచి కాస్త రక్తం తీసి, మిషన్లో గిర్రున తిప్పితే పైకి పచ్చటి తేట తేరుతుంది. గాయం మాన్పే గుణం అందులో ఉంటుంది. ఆ తేటని సూదితో దెబ్బతిన్న చోట వేస్తారు. కొందరికి నెలల మీద బాగా తగ్గింది. కొందరికి ఏమీ మారలేదు. తప్పకుండా తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దని కూడా ఆయనే అన్నాడు.

అదంతా తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పే పని కృపావతిది. "బయటి మందేం కాదమ్మా. మన నెత్తురే తీసి ఎక్కిస్తారు. మన నెత్తురు మనకి పడకపోవడం ఉండదు," అంది, స్వెట్టరు చేతులు మోచేతులదాకా పైకి లాక్కుంటూ.

ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి ఈ 'మన' ఒక అలవాటు. మన బీపీ కాస్త ఎక్కువుంది అంటారు, మన కుట్లు రేపు విప్పేద్దాం అంటారు. బీపీ ఒకరిది, కుట్లు ఒకరివి, మంచితనం కొద్దీ అందులో వాటా తీసుకునేది నర్సులు. కృపావతికి ఆ మాట నాలుక చివరే ఉంటుంది. ఇంతవరకూ దాన్ని ఎవరూ తప్పుగా తీసుకున్నది లేదు.

ఆ మాట విన్నాకే రత్నాలు బల్ల దిగింది. ఆ సంగతి కృపావతి గమనించలేదు.

ఇప్పుడు లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "ఈ వారం తప్పితే మళ్ళీ నేనుండను. సోమవారం కొయ్యూరులో డ్యూటీలో చేరాలి. నేను వెళ్ళాక నిన్ను ఎవరు తీసుకెళ్తారు?"

కొయ్యూరు పేరు వినగానే రత్నాలు వీపు బిగుసుకుంది. బదిలీ వచ్చిందని చెప్పిన రోజు ఇంట్లో జరిగిన రభస ఇంకా ఎవరూ మరిచిపోలేదు. పాడేరు ఎల్లు, చింతపల్లి ఎల్లు, ఆ కొయ్యూరు మాత్రం వొద్దు అని పట్టుపట్టింది. ఎందుకొద్దో అడిగితే చెప్పలేదు. ఆ రోజు నుంచీ తల్లీకూతుళ్ళ మధ్య అవసరానికి మించి మాటల్లేవు.

"నాకు తెలుసమ్మా," అంది కృపావతి. "నీ మెడ బాగైతే నేను నిశ్చింతగా వెళ్ళిపోతానని నీ భయం. అందుకే పట్టేసిన మెడతో ఇలా కూర్చున్నావు. నన్ను కట్టేయడానికి."

బయట కోడి పరదా మీదికి ఎక్కినట్టుంది, మంగ్లు దాన్ని అదిలించిన చప్పుడు వినబడింది.

"నీ నెత్తురు నాకొద్దు," అంది చివరికి, గోడతోనే. "నానొల్లను. ఇంకేటీ అడక్కు."

కృపావతి లేచి వాకిట్లోకి వచ్చేసింది. పిల్లలతో వేగలేక విసిగిన తల్లులు నా నెత్తురు తాగేస్తున్నావంటారు. రత్నాలు ఎన్నడూ అంత మాట అనలేదు. ఇప్పుడు దాన్ని తిరగేసి మరీ అంది. నీ సేవా వద్దు, నువ్వూ వద్దు అన్నట్టుగానే కృపావతికి వినబడింది. ఏడుపు రావలసిన మాటే. రాలేదు. వారం రోజులుగా ఒకే చోట తగులుతుంటే ఆ చోటు మొద్దుబారిపోయింది.

చెక్క గొర్రు తీసుకుని గింజల్ని ఇటూ అటూ తిప్పింది. తిప్పవలసిన వేళ ఇంకా కాలేదు. మంగ్లు చూశాడు గానీ వద్దనలేదు.

"అయ్యా, నువ్వైనా చెప్పు."

"ఆ సూది ఏయించుకోకపోతే ఏటవుద్ది?"

"ఏమీ అవదు. ఇలాగే ఉంటుంది. ఎప్పటికీ నేల చూస్తూ."

మంగ్లు తలూపి మళ్ళీ చుట్టలో పడ్డాడు. నేల చూస్తూ బతకడం అంత కాని పనేం కాదన్నట్టుంది ఆయన వాలకం. కృపావతికి ఒళ్ళు మండింది, అదీ ఎంతోసేపు నిలవలేదు.

అంతలో చిట్టెమ్మ వచ్చింది. రత్నాలుకి సొంత చెల్లెలు, అవతలి కొండ మీది ఊళ్ళో ఉంటుంది. సంతకి రాగి చోళ్ళ మూటతో దిగినప్పుడల్లా ముందు ఇక్కడ ఆగి, అక్కతో ఒక పొద్దు పోట్లాడి, ఆ తర్వాతే బేరాలకి వెళ్తుంది. ఇవాళ మూట అరుగు మీద పడేసి, బావని పలకరించకుండానే లోపలికి దూరింది. తలుపు దగ్గరగా వేసుకున్నారు.

అక్కచెల్లెళ్ళు ఇద్దరే ఉన్నప్పుడు ఒరియా కలిసిన పుట్టింటి మాటల్లోకి జారిపోతారు. అవి కృపావతికి సగమే వస్తాయి. తలుపు సందులోంచి నెత్తురు అన్న ముక్క మళ్ళీ మళ్ళీ వినబడింది. కాసేపటికి చిట్టెమ్మ బయటికి వచ్చి, జుట్టు ముడి బిగించుకుంటూ, ఏదో బేరం తెగ్గొట్టినట్టు చెప్పింది.

"మీ అమ్మ వొత్తాది. నానూ వొత్తాను. బేగి ఆటో పిలు."

కృపావతికి సంతోషం వేయాలి. ఇన్నాళ్ళు తను బతిమాలితే కదలని మనిషి, చెల్లెలు వచ్చి నాలుగు మాటలు చెప్పేసరికి చీర మార్చుకుంటోంది. మనసు కాస్త చిన్నబుచ్చుకుంది. సరే, ఎవరి మాట వింటేనేం, విన్నది కదా అనుకుని ఫోను తీసింది.

బయల్దేరేముందు మంగ్లు లేచి దగ్గరికి వచ్చాడు. చుట్ట ఆరిపోయింది. "నువ్వుండిపో గుంటా," అన్నాడు మెల్లిగా. "సిట్టెమ్మ ఉంది కదా, తీసుకెల్తాది."

"నేను లేకపోతే తల ఎవరు పట్టుకుంటారు అయ్యా? సూది వేసేటప్పుడు కదలకూడదు."

మంగ్లు మరదలి వైపు చూశాడు. "సిట్టీ, తెలిసే సేత్తన్నారా మీరు?"

"నాను సూసుకుంటాను బావా," అంది చిట్టెమ్మ.

ఆటో గోతిలో పడినప్పుడల్లా కృపావతి మడిచిన తువ్వాలుని తల్లి మెడ కింద అదిమి పట్టుకుంది. రత్నాలు వద్దనలేదు, ఆనుకోనూ లేదు. లోయలో మంచు ఇంకా పూర్తిగా విడలేదు. టూరిస్టుల కార్లు వరసకట్టి ఆగి ఉన్నాయి, ఎవరో పాట పెట్టుకున్నారు. సంత వీధిలో జనాన్ని తప్పించుకుని క్లినిక్కు ముందు దిగేసరికి మధ్యాహ్నమైంది.

క్లినిక్కులో రక్తం తీయడం, మిషను తిప్పడం, పేర్లు పిలవడం అన్నీ బుజ్జిబాబు పనే. పేరుకి బుజ్జిబాబు గానీ జుట్టంతా నెరిసిన మనిషి. వారం క్రితం దిగి వెళ్ళిపోయిన పేషెంటుని గుర్తుపట్టి, ఈసారి తలుపు గొళ్ళెం పెట్టమంటారా అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సర్దుకుని, దూదీ సిరంజీ ఉన్న ట్రే తెచ్చుకున్నాడు.

"చెయ్యి చాపండమ్మా."

ముగ్గురూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు, మధ్యలో చిట్టెమ్మ. జాకెట్టు చెయ్యి పైకి తోసుకుని ఆవిడ చాపింది.

"మీరు కాదండి. రత్నాలుగారు చాపాలి."

"మా అప్పకి ఎక్కించేది నాదే బాబూ. ఒక్క తల్లి కడుపున పుట్టినోలం. నాది కలుత్తాది, తీయి."

కృపావతికి నవ్వొచ్చింది. ఈ వారంలో అదే మొదటి నవ్వు. "నీది ఎవరడిగారు పిన్నీ? చెయ్యి తీయి."

"నువ్వూరుకో గుంటా. నీది కలవదు."

"నాదెందుకు కలవదు?"

"మీ అయ్యకి కలిసిందేటి?"

అది నిజమే. కృపావతి నర్సింగు చదివే రోజుల్లో ఘాటు రోడ్డు మీద జీపు బోల్తాపడి మంగ్లుకి రక్తం కావలసి వచ్చింది. పరుగున వెళ్ళి చెయ్యి చాపితే కలవలేదన్నారు. తండ్రీ బిడ్డల గ్రూపులు వేరవడం మామూలేనని ఆ రోజు కృపావతే అందరికీ నచ్చజెప్పింది. రత్నాలు మాత్రం ఆ తర్వాత చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మొగుడి మీద బెంగ అనుకున్నారు.

ఇప్పుడూ అలాగే నచ్చజెప్పబోయింది. "అయ్యకి కలవకపోతే అమ్మకీ కలవదని లేదు పిన్నీ. అది ఒక్కొక్కరికి..."

"ఎవులికీ కలవదు," అనేసింది చిట్టెమ్మ. "మీ అయ్యకీ కలవదు, మీ అమ్మకీ కలవదు. కలవని నెత్తురు ఎక్కిత్తే మనిషి దక్కుద్దేటి?"

"సిట్టీ," అంది రత్నాలు.

అంతే అంది. తలెత్తి చెల్లెల్ని చూడలేకపోయింది. ఆ ఒక్క పిలుపుతో చిట్టెమ్మకి తను ఏమన్నదో తెలిసొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుజ్జిబాబు చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది.

కృపావతి మొదట చూసింది చిట్టెమ్మ చెయ్యి. ఇంకా చాపే ఉంది, మోచెయ్యి దగ్గర పాత పచ్చబొట్టుతో. తర్వాత తల్లి చెయ్యి చూసింది, అదే పచ్చబొట్టు. తర్వాత లేచి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, నేను నీకు పుట్టలేదా?"

వార్డులో పేషెంటుని వయసెంత అని అడిగే గొంతుతోనే అడిగింది. ఆ గొంతు తనదేనని నమ్మడానికి కాస్త సమయం పట్టింది.

రత్నాలు ఆమె పాదాల కేసి చూస్తోంది. అంతకన్నా పైకి చూపు వెళ్ళదు. "పెంచినాను," అంది. "కళ్ళు తెరవని గుంటవి. తెచ్చుకుని పెంచినాను. సెప్పకుండానే పోదామనుకున్నాను. నీ సేతికి సూది గుచ్చితే బయటపడిపోద్దని ఆరోజు దిగిపోయినాను."

"నా చేతికి ఎందుకు గుచ్చుతారు?"

"నువ్వే సెప్పినావు. మన నెత్తురు తీత్తారని. సెయ్యి కూడా పైకి లాక్కున్నావు."

అప్పుడు తెలిసింది కృపావతికి. స్వెట్టరు చేతులు పైకి లాక్కున్నది తల్లి తల పట్టుకోవడానికి. మన అన్నది నోటి అలవాటు. రత్నాలుకి మన అంటే తనూ, కూతురూ. ఇంకో అర్థం ఆమె ఎరగదు. పొద్దున నీ నెత్తురు నాకొద్దు అన్న మనిషి అక్షరాలా ఆ అర్థంతోనే అంది.

"నీదే అమ్మా," అంది కృపావతి. "నీ చేతిలోంచి తీసి నీ మెడలోనే వేస్తారు. మన అంటే నీది అని."

"మనంటే నాదేటి?"

"ఆసుపత్రిలో అలా అంటాం."

"అయితే నా ఒక్కదాందేనా?"

"నీ ఒక్కదానిదే."

"నీది అడగలేదా?"

"ఎవరూ అడగలేదు."

చిట్టెమ్మ కొంగులో ముఖం దాచుకుని, దేవుడా నా నోరు పడిపోను అని తనని తనే తిట్టుకుంటోంది. మంగ్లూ, ఈ అక్కచెల్లెళ్ళూ ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని కాపాడిన మాట, ఎవరూ అడగని నెత్తురు కోసం సంత వీధి క్లినిక్కులో బెంచీ మీద ఊడిపడింది. తప్పు ఎవరిదని అడిగితే ఎవరిదని చెప్పాలి? ఆ చిన్న మాట వాడిన పిల్లదా, దాన్ని ఉన్నదున్నట్టు నమ్మిన తల్లిదా?

బుజ్జిబాబు గొంతు సవరించుకున్నాడు. పోనీ వచ్చేవారం చూద్దామా అని కృపావతిని అడిగాడు.

"వద్దు. తీసేయండి," అంది కృపావతి. తనే రబ్బరు పట్టీ తల్లి చేతికి కట్టింది. నరం వెతికి, వేలితో తట్టి చూపించింది. రత్నాలు చెయ్యి చాపి ఊరుకుంది. సిరంజిలోకి ఎర్రగా వస్తున్నదాన్ని ముగ్గురు ఆడవాళ్ళూ చూశారు. ఎవరిదైనా అదే రంగు.

మిషను తిరుగుతున్నంతసేపూ కృపావతి వరండాలో నిలబడింది. ఎదురుగా సంత. పసుపు కొమ్ములు, రాజ్మా గింజలు, ఎండు చేపలు. ఆసుపత్రిలో తనకి తెలిసినావిడ ఒకరు చెయ్యి ఊపితే తనూ ఊపింది. ఇంత పెద్ద సంగతి విన్న మనిషికి కాళ్ళు వణకాలి, కళ్ళు తిరగాలి. అవేవీ లేవు. ఆకలి కూడా వేస్తోంది. దానికి మాత్రం కృపావతి సిగ్గుపడింది.

తన పేరు గుర్తొచ్చింది. వాళ్ళ ఊళ్ళో చర్చి లేదు. అమ్మా అయ్యా మొక్కేది కొండ దేవతలకి. కృపావతి అన్న కిరస్తానీ పేరు ఎక్కడిదని స్కూల్లో అడిగితే, ఆసుపత్రిలో సిస్టరమ్మ పెట్టిందట అని చెప్పేది. ఏ ఆసుపత్రిలో అని తనెప్పుడూ ఇంట్లో అడగలేదు. అడగడానికి ఏముందని?

ఎవరో కన్నారు. ఎవరో పేరు పెట్టారు. రత్నాలు తెచ్చుకుంది. తెచ్చుకుంది అంటే ఎక్కడి నుంచి?

"రత్నాలు తాలూకా ఎవరండీ?" బుజ్జిబాబు లోపల్నుంచి పిలిచాడు. "తల పట్టుకోవాలట, రండి."

అన్నీ తెలిసి కూడా ఆయన రోజూ పిలిచే పద్ధతిలోనే పిలిచాడు. కృపావతి వెంటనే కదల్లేదు. బెంచీ మీద చిట్టెమ్మ లేవబోయి, ఆగి, ఆమె వైపు చూసింది. ఈసారి చొరవ చేసే ధైర్యం ఆవిడకి లేదు.

"రత్నాలు తాలూకా," అని మళ్ళీ పిలుపు.

"వస్తున్నా," అంది కృపావతి.

లోపల రత్నాలుని బోర్లా పడుకోబెట్టారు. ముఖం బల్ల చివర ఉన్న కన్నంలో ఆనించారు. జుట్టు పైకెత్తి కట్టి, మెడ వెనక మందుతో తుడిచారు. దిసారి కట్టిన తాడు అడ్డం వస్తుంటే బుజ్జిబాబు కత్తెర తీయబోయాడు. కృపావతి వద్దని, తాడుని చెవి మీదుగా పైకి జరిపి ప్లాస్టరు వేసింది. చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, స్వెట్టరు చేతులు పైకి లాక్కుంది. లాక్కుంటూ ఒక్క క్షణం ఆగింది.

"గట్టిగా పట్టుకోండి సిస్టర్," అన్నాడు శివప్రసాద్, ఒక చేత్తో స్కానింగు మిషను పట్టుకుని తెర మీద చూసుకుంటూ. బయట ఏం జరిగిందో ఆయనకి తెలియదు. "ముందు మొద్దుబారడానికి ఇస్తున్నాను. తర్వాత నాలుగైదు చోట్ల పడుతుంది. ఎక్కడా కదలకూడదమ్మా."

కృపావతి రెండు అరచేతులూ తల్లి చెవుల మీదుగా వేసి పట్టుకుంది. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే ఈ తల తన మీదికి వంగి ఉండేది. పేలు చూస్తానని బలవంతంగా తన తలని ఒళ్ళో అదిమి పెట్టుకున్న మనిషి ఈవిడే. అవన్నీ గుర్తొస్తున్నాయి గానీ, ఎవరో పక్కింటివాళ్ళ సంగతుల్లా గుర్తొస్తున్నాయి.

మొదటి సూది పడింది. రత్నాలు కాలివేళ్ళు ముడుచుకున్నాయి, మెడ కదల్లేదు. రెండోది పడింది.

"అడగవేటి?" అంది రత్నాలు కన్నంలోంచి, నేలతో చెప్పినట్టు.

"ఏమిటి?"

"నిన్ను కన్నది ఎవులో."

"తల కదపకు. తర్వాత చెబుదువు గాని."

"తర్వాతంటే నీ మొకం సూడాలి కాదేటి. ఇప్పుడైతే సూడక్కర్లేదు."

"మాట్లాడకూడదమ్మా," అన్నాడు డాక్టరు. "ఇంకొక్క చోటే. లోతుగా ఉంది, ఊపిరి కూడా మెల్లిగా తీసుకోండి."

సూది మెల్లిగా దిగింది. తెర మీద ఒక తెల్లటి గీత కదిలింది. పచ్చటి తేట కొంచెం కొంచెంగా తగ్గుతోంది. రత్నాలు ఊపిరి బిగబట్టినంతసేపు బిగబట్టి వదిలింది. ఆ వదలడంతో పాటే మాటా వచ్చింది, పెదవులు తప్ప ఇంకేమీ కదలకుండా.

"సచ్చిపోలేదు. బతికే ఉంది."

కృపావతి విన్నది. చేతుల కింద తల్లి కణతలు టకటకా కొట్టుకుంటున్నాయి.

"కొయ్యూరులో ఉంది. అందుకే వొద్దన్నాను. ఆసుపత్రికి వొచ్చి నిన్ను ఒక్కసారి సూసిందంటే గుర్తుపట్టేత్తాది. అచ్చం నువ్వే."

"కదలకండి, కదలకండి," అంటున్నాడు డాక్టరు.

రత్నాలు కదల్లేదు. కృపావతి అరచేతులు జారబోయి, మళ్ళీ బిగుసుకున్నాయి. వదిలేసి బయటికి నడిచిపోవాలనుంది. వదలడానికి లేదు. సూది ఇంకా మెడలోనే ఉంది.